మూడు ఊఁలు

పొర 1
ఎండ: పదింబావు నుంచి రెండున్నర దాకా.
పని: మామిడితాండ్ర, మొదటి పొర.

ఖాళీ సందుల్లో ఇళ్ళు కట్టే పూరింపు సంఘం వాళ్ళిచ్చిన ఈ ఎండ పుస్తకంలో రోజూ రాయాలట. ఎండ ఎప్పుడు పడింది, ఎప్పుడు పోయింది, ఆ ఎండలో ఏం పని జరిగింది. నలభై రోజులు వరసగా రాస్తే మా వెనక పెరడు ‘వాడుకలో ఉన్న జాగా’ అవుతుంది, దాని జోలికి ఇక ఎవరూ రారు. ఒక్క రోజు తప్పినా అది ‘ఖాళీ’. ఖాళీ అని రాసిన జాగా ఏమవుతుందో రాజమండ్రిలో పసిపిల్లకైనా తెలుసు.

పుస్తకం తెచ్చిచ్చిన అమ్మాయి పేరు హిమజ. సంఘం ఆఫీసరు. ‘రెండు ముక్కలు రాస్తే చాలు మేడమ్’ అంది. రెండు ముక్కల్లో చెప్పడం చేతనైతే రంపాల సందులో నాంచారికి ఇంత పేరు ఎందుకొస్తుంది? చదివేది నువ్వే కాబట్టి ఓపిక తెచ్చుకో తల్లీ.

మా పెరడు తూర్పు పడమరలు పదకొండు అడుగులు, ఉత్తర దక్షిణాలు ఇరవై ఆరు. ఒకప్పుడు అక్కడ కలప వ్యాపారి ఇల్లుండేదట, ఎప్పుడో కూలిపోయింది. ఇప్పుడది ఎవరి పేరా లేదు. ఇటు నా ఇల్లు, అటు సుగుణ ఇల్లు. ఇరవై ఏళ్ళుగా మేమిద్దరం వేసవంతా అక్కడే తాండ్ర పోస్తున్నాం. చుట్టూ అంతస్తులు లేచాక సందు మొత్తమ్మీద నేలకి ఎండ తగిలే చోటు అదొక్కటే మిగిలింది. అది పోతే మా పనీ పోయినట్టే. ఇంకేం చేసి బతకాలో నాకు తెలియదు, సుగుణకి అంతకంటే తెలియదు.

నలభై పొరలు పోస్తే తాండ్ర. నలభై రోజులు రాస్తే పెరడు. లెక్క భలే కుదిరింది.

పొర 2
ఎండ: నిన్నటిలాగే.
పని: రెండో పొర.

మధ్యాహ్నం వడగాడ్పు కూత అయ్యాక ఎవరూ బయట ఉండకూడదని కదా రూలు. మేం తడిగుడ్డ నెత్తినేసుకుని పావుగంటకొకరం వెళ్ళి చాపలు చూసొస్తాం. ఇది రాయొచ్చో లేదో మరి. రాసేశాను.

తాండ్ర గురించి నీకు తెలుసో లేదో. పండిన కలెక్టరు కాయలు పిసికి, రసం గుడ్డలో వడకట్టి, బెల్లం కలిపి చాప మీద పలచగా పోయాలి. సాయంత్రానికి ఆరాలి. మర్నాడు దాని మీద ఇంకో పొర. తొందరపడి రెండు పొరలు ఒకేసారి పోస్తే లోపల పచ్చిగా ఉండిపోయి బూజు పడుతుంది. పైకి మాత్రం ఏమీ తెలియదు. కోశాకే తెలుస్తుంది.

పొర 5
ఎండ: పదిన్నర నుంచి రెండున్నర.
పని: అయిదో పొర. కథ.

కథ కూడా పనే. సాక్షిగా మా తాతబ్బాయన్నయ్య పేరు రాస్తున్నాను.

తాతబ్బాయి నాకు తోడబుట్టినవాడు కాదు. లంకల్లో లాంచీ నడిపిన సరంగు. సముద్రం లంకల్ని మింగేసిన ఏడాది ఒక ట్రంకు పెట్టె, ఒక చుక్కాని చక్రం పట్టుకుని మా సందుకి వచ్చాడు. నా అరుగు మీద ఒక్క రాత్రి పడుకుంటానన్నాడు. పదకొండేళ్ళయింది. మొగుడు పోయినదాని అరుగు మీద పరాయి మగాడేమిటని సందు నోరు చేసుకుంటే, అందరి ముందూ ‘అన్నయ్యా, అన్నానికి రా’ అని కేకేశాను. అప్పటి నుంచి అన్నయ్యే. ఆయన కూతురు తాయారు, మనవరాలు మాత్రం ఇంకా కోరుకొండ దారిలో మెరక శిబిరంలోనే ఉన్నారు. రేకు కింద పదకొండేళ్ళు.

మేం రసం పిసుకుతుంటే ఆయన గడప మీద కూర్చుని కథ చెబుతాడు. ఏ ఏటికాయేడు కొత్త కథ. ఈసారి గోదారి మీద నిలువుగా తేలుతూ వచ్చే తలుపు కథ. తలుపే, ఇల్లు లేదు. చుట్టూ దారబందం, ఇత్తడి గడియ. సరంగు లాంచీ దగ్గరికి పోనిస్తే లోపల్నుంచి ఎవరో టకటకా తడుతున్నారు.

“లోపలేముంది, వెనకాల నీళ్ళేగా?” అంది సుగుణ.

“అదే మరి. ఎనక్కెల్లి సూత్తే నీళ్ళే. ముందుకొత్తే తడతన్నారు. ఊఁ కొట్టండే, ఇద్దరూ నోట్లో మావిడిటెంక ఎట్టుకున్నట్టు కూకున్నారు. ఊఁ కొట్టకపోతే నేను సెప్పను.”

ఊఁ కొట్టాం. ఈ మనిషికి ఊఁ లేనిదే కథ కదలదు, డీజిలు లేని లాంచీలాగే. వాక్యానికొక ఊఁ. మేం మరిచిపోతే ఆగిపోయి పైకి చూస్తూ కూర్చుంటాడు. తలుపు వెనక ఎవరున్నారో రేపు చెబుతానన్నాడు.

పొర 8
ఎండ: పదింబావు నుంచి రెండుంబావు.
పని: ఎనిమిదో పొర.

తలుపు వెనక ఎవరో ఇంకా చెప్పలేదు, దొంగ సచ్చినోడు.

లోపలి గదిలో ఉండే గోడచెవిని అరుగు వైపు మార్చమన్నాడు. వరద కూత, నీళ్ళొచ్చే వేళ అన్నీ అదేగా చెప్పేది. మనం ఏదన్నా అడిగినా, ఆఫీసుకి ఏదన్నా చెప్పుకోవాలన్నా దానికే చెప్పాలి. “నాకు సెవులు మందగించేయి సెల్లెమ్మా, లోపలుంటే ఇనపట్టంలేదు” అన్నాడు. పాపం అనిపించి మేకు పీకి గడప పక్కన కొట్టించాను. ఎర్ర దీపం వెలుగుతూ కథ అది కూడా వింటున్నట్టే ఉంది. సుగుణ దానికి దణ్ణం పెట్టి ‘నువ్వు కూడా ఊఁ కొట్టు నాయనా’ అంది.

పొర 11
ఎండ: పదిన్నర నుంచి రెండు.
పని: పదకొండో పొర.

పుట్టని చూసొచ్చాం. సంఘం వాళ్ళు ఆ యంత్రానికి ఏదో పెద్ద పేరు పెట్టారుగాని ఊళ్ళో అందరూ పుట్ట అనే అంటారు. సందు మొదట్లో పాత ప్రెస్సుకీ సత్రానికీ మధ్య జాగాలో ఉందది. సున్నం, మట్టి, ఊక కలిపిన ముద్దని రోజుకి మూడడుగుల చొప్పున వేసుకుంటూ పైకి పాకుతుంది. అది పాకినంత మేరా సందిల్లు లేస్తుంది. రెండు పాత ఇళ్ళ మధ్య ఇరుక్కుని కట్టే ఇల్లు సందిల్లు. అటు గోడ వీళ్ళది, ఇటు గోడ వాళ్ళది. దానికంటూ ముందు గోడా వెనక గోడా తప్ప ఏమీ ఉండవు.

మెచ్చుకోవలసింది మెచ్చుకుంటాను హిమజమ్మా. పాతపట్నంలో ఒక్క ఇటుక పడగొట్టకుండా, ఉన్న సందుల్లోనే లంకలవాళ్ళకి ఇళ్ళు కడుతున్నారు. గోడలు కడిగించారు, చెక్క తలుపులకి నూనె పట్టించారు. మా సందు మొగలో ‘చారిత్రక వీధి’ అని బోర్డు కూడా పెట్టారు. వీధికి చరిత్ర ఉందని రాశారు, అందులో మనుషులున్నారని రాయలేదు. రాయాలంటే ఆ బోర్డు సరిపోదేమో.

అన్నయ్య ఆ సందింటి ముందు చాలాసేపు నిలబడ్డాడు. కొత్త గోడ మీద అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. తడి ఆరలేదని ఎవరో కసిరితే తీసేశాడు.

పొర 14
ఎండ: పదింబావు నుంచి రెండుంబావు.
పని: పధ్నాలుగో పొర. కథ మంచి పట్టులో ఉంది.

ఇవాళ కథలో మేమే ఉన్నాం! సరంగు ఆ తలుపుని లాంచీకి కట్టుకుని ఊరూరా తిరిగి చివరికి ఒక సందుకి వస్తాడు. అక్కడ ఇద్దరు అక్కచెల్లెళ్ళు. “పేర్లు నాంచారి, సుగుణ అనుకోండి” అన్నాడు. సుగుణ సిగ్గుపడి చెంగు నోట్లో కుక్కుకుంది. యాభై ఏళ్ళొచ్చాయి దానికి.

సరంగు వాళ్ళనడుగుతాడు. తలుపుకి ఇల్లు కావాలి. మీ ఇళ్ళ వెనక, తూర్పు పడమరలు పదకొండు అడుగులు, ఉత్తర దక్షిణాలు ఇరవై ఆరు అడుగులు గల జాగాని ఇస్తారా అని.

“మన పెరడు కొలతలే పెట్టేశావే!” అన్నాను.

“మరి మీ కతలో మీ పెరడు కాక రాజుగారి కోటుంటాదా? ఇనండి. ‘సదరు జాగాని మేం ఇష్టపూర్తిగా, ఎవరి బలవంతమూ లేకుండా, ఇంటి కోసం ఇచ్చేత్తన్నాం’ అన్నారంట ఆ అక్కసెల్లెళ్ళు. ఊఁ?”

“ఊఁ” అన్నాం ఇద్దరం. నేనైతే నవ్వుతూ అన్నాను. లాంచీ నడిపిన మనిషికి రిజిస్ట్రారు ఆఫీసు భాష ఎక్కడ దొరికిందో! అదే మాట ఆయన అంత గంభీరంగా అంటుంటే గోడ మీది కాకి కూడా నవ్వేది.

తలుపు తియ్యమంటే మాత్రం తియ్యడు.

పొర 15
ఎండ: అదే.
పని: పదిహేనో పొర.

నిన్నటి చోటు నుంచే మళ్ళీ ఎత్తుకున్నాడు. అక్కచెల్లెళ్ళు ఇచ్చేశారు, ఇష్టపూర్తిగా ఇచ్చేశారు. ఊఁ? ఊఁ. చెప్పిందే చెబుతున్నావు అంటే, “కత పదును తగ్గకూడదంటే ఒకసారి ఎనక్కెల్లి రావాల” అన్నాడు.

పొర 16
ఎండ: అదే.
పని: పదహారో పొర.

మళ్ళీ అదే ముక్క. మూడోసారి. నేను ఊఁ అన్నాను, సుగుణకి మాత్రం విసుగొచ్చింది. “ఊఁ, ఊఁ, ఇచ్చేశామయ్యా బాబూ, ముందు తలుపు తియ్యి!” అంది. అన్నయ్య నవ్వలేదు. లేచి గొంతు సవరించుకుని బీడీ వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

పొర 19
ఎండ: పదకొండు నుంచి పన్నెండున్నర. సరిగ్గా గంటన్నర.
పని: పందొమ్మిదో పొర, చావు తప్పింది.

గంటన్నర ఎండ లేకపోతే ఆ రోజు లెక్కలోకి రాదని నువ్వే చెప్పావు. పొద్దున్నుంచీ మబ్బు. పదకొండింటికి కొంచెం విచ్చింది గాని ఎండ గోడ దాకా వచ్చి కిందికి దిగలేదు. నాకు ఏడుపొచ్చింది, ఒప్పుకుంటాను. అప్పుడు అన్నయ్య ఇంట్లోంచి స్టీలు పళ్ళేలు రెండు పట్టుకొచ్చి, గోడెక్కి కూర్చుని, ఎండని పళ్ళేలతో పట్టి చాపల మీదికి కొట్టాడు. గంటన్నర. ఒక్కసారి కూడా చేతులు దింపలేదు. పుస్తకంతో పాటు నువ్విచ్చిన ఎండమీటరు కూడా ఒప్పుకుంది.

“ఎందుకన్నయ్యా ఇంత కష్టం?” అన్నాను.

“మరి నీ పొరలు ఆరాలి కదా” అన్నాడు. నా మొహంలోకి చూడలేదు. ఎండ కళ్ళలో పడుతోందనుకున్నాను.

రాత్రి అన్నంలో ఆయనకి నెయ్యి రెండు చెంచాలు ఎక్కువ వేశాను. ఇది కూడా రాస్తున్నాను, తప్పయితే కొట్టెయ్యి.

పొర 24
ఎండ: పదింబావు నుంచి రెండుంబావు.
పని: ఇరవై నాలుగో పొర.

కథ ఆగిపోయింది. వారం రోజులుగా గొంతు బాగాలేదంటున్నాడు. శొంఠి కషాయం ఇచ్చాను. తాగాడు. అయినా చెప్పలేదు. మేం ఊఁ కొట్టడానికి రెడీగా కూర్చుని, కొట్టడానికేం లేక ఒకరి మొహాలొకరం చూసుకుంటున్నాం. ఇరవై ఏళ్ళలో రసం పిసకడం ఇంత పొడుగ్గా ఎప్పుడూ లేదు.

శిబిరంలో తాయారు పిల్లకి మళ్ళీ జ్వరమట. కిందటేడు తాండ్ర ముక్కలు కట్టిచ్చాను. పొట్లం కళ్ళకద్దుకుని తీసుకెళ్ళాడు.

పొర 29
ఎండ: పది నలభై నుంచి రెండు.
పని: ఇరవై తొమ్మిదో పొర.

పుట్ట మా ఇంటి పక్క వాకిట్లోకి వచ్చి ఆగింది.

దారి తప్పిందనుకున్నాను. యంత్రాలు కూడా తప్పుతాయి కదా. సుగుణ పరిగెత్తుకొచ్చింది. “నాంచారీ, మన తలుపుకి కాయితం అంటించేరే. నాకు కళ్ళజోడు లేదు, నువ్వు చదువు.”

చదివాను. రంపాల సందు వెనక జాగా, పదకొండు ఇంటూ ఇరవై ఆరు, వాడకందార్ల పూర్తి సమ్మతితో పూరింపుకి ఇవ్వడమైనది. ఎల్లుండి పని మొదలు. అర్హులు: తాతబ్బాయి, కుటుంబం.

పదకొండు రోజులే ఉన్నాయి నలభైకి. సుగుణ నా మొహం చూసి ‘ఏం రాశారే’ అని ఇంకా అడుగుతూనే ఉంది.

అరుగు ఖాళీగా ఉంది. ట్రంకు పెట్టె ఉంది గాని మనిషి లేడు.

పొర 30
ఎండ: ఉంది. ఎంతో చూడలేదు.
పని: ముప్ఫయ్యో పొర సుగుణ పోసింది. నేను ఆఫీసుకి వెళ్ళాను.

హిమజమ్మా, నీ ఎదురుగా జరిగిందే మళ్ళీ నీకు రాస్తున్నాను. నువ్వు ఎంత విన్నావో నాకు తెలియాలి.

“మేడమ్, పుస్తకం నలభై రోజులు పూర్తయ్యేలోపు వాడుకునేవాళ్ళే ఒప్పుకుంటే పుస్తకంతో పని లేదు” అన్నావు. “మూడు వేరు వేరు రోజుల్లో, నిబంధన విని, నోటితో ఒప్పుకోవాలి. మీరు ఒప్పుకున్నారు.”

“నేనా? ఎప్పుడు?”

నువ్వు బల్ల మీది పెట్టె నొక్కావు. అందులోంచి అన్నయ్య గొంతు వచ్చింది. *సదరు జాగాని మేం ఇష్టపూర్తిగా, ఎవరి బలవంతమూ లేకుండా*. తరవాత నా గొంతు. ఊఁ. నవ్వుతున్న ఊఁ. నా పళ్ళు కనిపించేటంత నవ్వు. రెండో రోజుది. ఊఁ. మూడో రోజుది. నా ఊఁ, దాని మీద సుగుణ విసుగు. ఊఁ, ఊఁ, ఇచ్చేశామయ్యా బాబూ.

“అది కథమ్మా!” అని అరిచాను. “కథకి ఊఁ కొట్టాం! కథ చెబుతుంటే ఊఁ కొట్టరా? మీ అమ్మ నీకు కథ చెప్పలేదా?”

“చెప్పింది మేడమ్” అన్నావు. నీ మొహం ఎర్రబడింది, అది చూశాను. “కానీ గోడచెవికి ఊఁ అంటే అవును. ‘అన్నారంట’ అన్న మాట అది పట్టించుకోదు. మీ పేర్లున్నాయి, కొలతలున్నాయి, సమ్మతి ఉంది. అది కథ అని రికార్డులో ఎక్కడా లేదు.”

ఒక్క దారి ఉందన్నావు. నిబంధన వినిపించిన మనిషే వచ్చి, వీళ్ళకి తెలియకుండా అనిపించానని చెబితే కొట్టేస్తారు. రేపు పదకొండింటికి ఆయన్ని పిలిపిస్తానన్నావు. ఆ దారి చాలనుకున్నాను. తోడబుట్టినవాడు కాకపోయినా పదకొండేళ్ళు నా చేతి అన్నం తిన్నాడు కదా.

పొర 31
ఎండ: ఉంది.
పని: ముప్ఫై ఒకటో పొర. ఆఖరిది.

దారిలోనే కనిపించాడు, ఆఫీసు మెట్ల మీద. తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా నేను కుట్టించిందే.

ముందు ఏమీ అనకూడదనుకున్నాను. కానీ నోరు ఆగితే నేను నాంచారిని ఎందుకవుతాను.

“తిట్టను అన్నయ్యా. ఒక్కటి చెప్పు. ఎన్నాళ్ళుగా అల్లుకున్నావు ఈ కథ?”

“ఏసవికి ముందే” అన్నాడు మెల్లగా. “తాయారు పిల్లకి రేకు కింద ఒళ్ళంతా పొక్కులొచ్చేయి సెల్లెమ్మా. మా పేరు జాబితాలో నాలుగేల పేర్ల తరవాతుంది. ఎవరన్నా ఖాళీ సూపించి, సమ్మతి తెత్తే ముందుకేత్తామన్నారు. నేనేం సెయ్యను?”

“అడగొచ్చుగా.”

“అడిగితే ఇచ్చేదానివా?”

ఇప్పటికీ తేలడం లేదు. ఇచ్చేదాన్నేమో. సుగుణతో పోట్లాడి, నాలుగు రోజులు ఏడ్చి, ఆఖరికి ఇచ్చేదాన్నేమో. లేకపోతే ‘అన్నయ్యా, అదొక్కటి అడగకు’ అని కాళ్ళు పట్టుకునేదాన్నేమో. ఏదో ఒకటి నేను చేసేదాన్ని. నాది నన్ను చెయ్యనివ్వలేదు. నా కడుపుమంట అదే.

“లోపల నిజం చెప్పు” అన్నాను. “ఇంకో జాగా వెతుకుదాం. నేనూ తిరుగుతాను నీతో. నిజం చెప్పు చాలు.”

లోపల కూర్చోబెట్టారు. ఆయన అటు, నేనూ సుగుణా ఇటు. నువ్వు అడిగావు హిమజమ్మా. చాలా స్పష్టంగా, చాలా నెమ్మదిగా అడిగావు. ఆ మర్యాద నీకు దక్కుతుంది. “తాతబ్బాయిగారూ, ఆ మాటలు చెప్పినప్పుడు, అవి నిజమైన నిబంధనలని వీళ్ళకి తెలుసా? తెలిసే ఒప్పుకున్నారా?”

ఈ మనిషి నోరు తెరిస్తే గోదారి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి మాటలు పరిచేవాడు. తలుపుకి మాటలు, గడియకి మాటలు, నీటి సుడికి మాటలు. సుగుణ ఆయన వైపే చూస్తోంది, కథ కోసం చూసినట్టే.

ఆయన బల్ల వైపు చూసి, “ఊఁ” అన్నాడు.

అంతే. పెట్టెలో దీపం పచ్చగా మారింది.

రోజు 33
ఎండ: మెడ ఎత్తితే కనిపిస్తుంది. నేల మీద లేదు.

ఇక పొర అని రాయను. పుట్ట రెండు రోజుల్లో ఆరడుగులు లేచింది. చాపలు నా ఇంట్లోకి తెచ్చేశాం. ముప్ఫై ఒక్క పొరలు పోసి ఆపేసిన తాండ్ర ఎలా ఉంటుందో ఇరవై ఏళ్ళలో మొదటిసారి చూస్తున్నాను. పైన బంగారంలా ఉంది. చుట్టి మూలన పెట్టాను.

ఈ పుస్తకం ఇక హిమజ కోసం కాదు. ఎవరి కోసమో తెలియదు. అలవాటుకి రాస్తున్నాను.

ఇవాళ సుగుణ వచ్చి తన తమ్ముడి ఊరికి వెళ్ళిపోతానంది, అక్కడ జీడిపప్పు కార్ఖానా ఉందట. చెబుతూ చెబుతూ ఆగి, “ఏంటే, వింటున్నావా?” అంది. అప్పుడు తెలిసింది, ఇంతసేపూ నేను ఊఁ అనలేదని. గోడచెవి వైపు చూసి నా నోరు దానంతటదే మూసుకుంటోంది.

“వింటున్నాను సుగుణా. నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదు. కానీ వెళ్ళు” అన్నాను, ఒక్కో మాటా విడదీసి. ఊఁతో అయిపోయే దానికి ఇన్ని మాటలు. అది గుండె పగిలేలా ఏడ్చింది. నాకంటే అది మెత్తని మనిషి.

మేకు పీకేద్దామంటే గోడచెవి లేని ఇంటికి నీళ్ళ వేళ తెలియదు. దాని మీద తుండుగుడ్డ కప్పాను.

రోజు 37
ఎండ: లేదు.

సందిల్లు పూర్తయింది. నా వెనక గోడ ఇప్పుడు వాళ్ళకి కూడా గోడే. వెనక కిటికీ ఉన్నచోట సున్నపు ముద్ద కనబడుతోంది. అరుగు మీది ట్రంకు పెట్టె, చుక్కాని చక్రం నేను లేనప్పుడు తీసుకెళ్ళాడు. చక్రం పదకొండేళ్ళు ఆనించిన చోట గోడ మీద గుండ్రటి మచ్చ ఉంది. సున్నం వేద్దామని గిన్నె కలిపాను. వెయ్యలేదు.

సాయంత్రం తాయారు వచ్చింది. మనవరాలు పక్కన ఉంది, మెడ మీద పొక్కుల మచ్చలు మానుతున్నాయి. తాయారు చేతిలో గిన్నె. పాలు పొంగించారట.

“అత్తా, పరవాన్నం. ముందు మీకే ఎట్టాలన్నాడు నాన్న.” నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది, పట్టుకుని ఆపాను. “నాన్న సెప్పేడు. అడక్కుండానే మీరే పిలిచి ఇచ్చేరంట కదా, ఇష్టపూర్తిగా. ఈ రోజుల్లో ఎవరిత్తారత్తా ఎండ తగిలే జాగా? నా బిడ్డ ఇయ్యాల నేలమీద పడుకుని నిద్దరోయింది. మీరే ఇచ్చేరు కదా అత్తా?”

ఊఁ అనమని తాయారు కళ్ళు అడుగుతున్నాయి. కాదంటే ఆ ఇంట్లో తండ్రీ కూతుళ్ళ మధ్య ఏం మిగులుతుందో నాకు తెలుసు. అవునంటే నాలుగో ఊఁ కూడా ఆయనకే ఇచ్చినట్టు. మంచి మనిషిని చేశాడు నన్ను, నన్ను అడక్కుండానే. ఇంత కోపం నాకు సమ్మతి కాయితం చూసినప్పుడు కూడా రాలేదు.

“పరవాన్నం చల్లారిపోతోంది” అన్నాను. గిన్నె తీసుకున్నాను. ఆ పిల్ల తల నిమిరాను. దాని తప్పేముంది?

తిన్నాను. బెల్లం సరిగ్గా పడింది.

రోజు 40

నలభై రోజులైంది. ఇవాళ తాండ్ర చుట్ట విప్పి కోశాను. లోపల మధ్య పొరల్లో బూజు, పధ్నాలుగు, పదిహేను, పదహారు దగ్గర అనిపించింది. లెక్కపెట్టలేం గాని నాకలా అనిపించింది. ఆ చుట్ట మొత్తం పారేశాను.

మధ్యాహ్నం కూత అయ్యాక సందంతా సద్దుమణిగింది. వెనక గోడ అవతల్నుంచి గొంతు వినబడింది. కిటికీ పూడ్చిన చోట పలచన, మాట మాటా తెలుస్తోంది. మనవరాలికి చెబుతున్నాడు. గోదారి మీద నిలువుగా తేలుతూ వచ్చిన తలుపు కథ, మొదట్నుంచీ. దారబందం, ఇత్తడి గడియ, లోపల్నుంచి టకటకా. అక్కచెల్లెళ్ళ దగ్గరికి వచ్చేసరికి పేర్లు మార్చేశాడు. కడగబోతున్న కత్తి నా చేతిలో అలాగే ఉంది. వెళ్ళిపోదామనుకున్నాను. వెళ్ళలేదు. తలుపు వెనక ఎవరున్నారో తెలుసుకోవాలని నాకు ఉంది. ఇంత జరిగాక కూడా ఉంది. సిగ్గులేదు నాకు.

“అప్పుడు సరంగు గడియ మీద సెయ్యేసేడు. తీసేడు. తలుపు ఇలా కీచుమంటా ఎనక్కెల్లింది. ఎల్లేటప్పటికి లోపల...”

ఆగాడు.

పిల్ల పడుకున్నట్టుంది. అటు వైపు ఎవరూ ఊఁ కొట్టలేదు. ఆయన ఎదురు చూస్తున్నాడు. ఆ ఆగడం నాకు తెలుసు, పైకప్పు వైపు చూస్తూ కూర్చునే ఆగడం.

కొంతసేపటికి గోడ మీద తట్టాడు. లోపల్నుంచి, వేళ్ళ కణుపులతో, టకటకా.

“సెల్లెమ్మా. ఇంటన్నావని నాకు తెలుసు. ఆకరి ముక్కే ఉంది. ఒక్క ఊఁ కొట్టవే. సెప్పేత్తాను.”

గొంతు దాకా వచ్చింది. పదకొండేళ్ళ అలవాటు, దానంతటదే వచ్చింది. కత్తి కింద పడేసి రెండు చేతులతో నోరు గట్టిగా నొక్కుకున్నాను. చేతులకి తాండ్ర బూజు వాసన.

మళ్ళీ తట్టాడు. ఈసారి మెల్లగా. తరవాత తట్టలేదు. కథ అక్కడే ఆగిపోయింది.

ఎండ: లేదు.
పని: ఊఁ కొట్టకుండా ఉండడం.